దుప్పటి మడతపెట్టే యంత్రం

ఫిబ్రవరి 3

ఇవాళ డ్యూటీలో చేరాను. సెలవు ఇంకా మిగిలి ఉంది. ఇంట్లో కూర్చుని చేసేదేముంది.

ల్యాబ్‌లో అడుగు పెట్టగానే డ్రిల్లింగ్ మిషన్ ఆగింది. తర్వాత లేత్ ఆగింది. టంకం వేస్తున్న కుర్రాడు చెయ్యి గాల్లో అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. మూడు డిపార్ట్‌మెంట్ల పిల్లలు కలిసి వాడుకునే ల్యాబ్ ఇది. ఒకడి రంపం చప్పుడు మీద ఇంకొకడు కేకలు పెట్టకుండా గడిచిన రోజు లేదు. ఇవాళ నా కోసం మౌనం పాటించారు. పని చూసుకోండి అన్నాను. చూసుకున్నారు, నెమ్మదిగా. సుత్తితో మర్యాదగా కొట్టడం మొదటిసారి చూశాను.

మధ్యలోని పెద్ద బల్ల మీద టీ కప్పు మరక ఉంది. ఎవరిదని అడిగాను. మామూలుగా అయితే ఎవరూ ఒప్పుకోరు. ఇవాళ ముగ్గురు ఒప్పుకున్నారు. ఒక కప్పుకు ముగ్గురు.

వెనకాల నన్ను కర్ఫ్యూ అంటారు. మూసే వేళ దాటాక ఒక్క స్క్రూ కూడా బిగించనివ్వనని. ఇవాళ ఆ మాట ఎక్కడా వినపడలేదు.

అక్క ఫోన్. తిన్నావా అంది. తిన్నానన్నాను. ఏం తిన్నావంది. ఈ రెండో ప్రశ్నకు నేనెప్పుడూ తయారుగా ఉండను.

ఫిబ్రవరి 4

అంతా బాగానే ఉంది.

ఫిబ్రవరి 6

ఫైనలియర్ డిజైన్ ప్రాజెక్టులకు హెచ్‌ఓడీ కొత్త రూలు పెట్టాడు. పోయినేడు చాలా బ్యాచ్‌లు ఆటోమేటిక్ చెత్తబుట్టలే చేశాయి. మనిషి దగ్గరికి రాగానే మూత తెరుచుకోవాలి. తెరుచుకుంది. హెచ్‌ఓడీ చెయ్యి లోపల పెట్టాక మూసుకుంది కూడా. కట్టు విప్పేదాకా ఆయన ఎడం చేత్తో సంతకాలు పెట్టాడు. అప్పుడు ఆలోచించిన రూలు అయి ఉండాలి.

ఇకనుంచి ఊహించి చేసినవి చెల్లవు. ఒక నిజమైన మనిషి, ఆ మనిషికి నిజంగా ఉన్న ఒక ఇబ్బంది. దానికి తగ్గ వస్తువు చేయాలి. చుట్టాలు పనికిరారు. చివరి రివ్యూకి ఆ మనిషి స్వయంగా వచ్చి, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు తన ఇబ్బంది తన నోటితో చెప్పాలి. ఇబ్బంది ఉత్తదని తేలితే వస్తువు ఎంత బాగున్నా బ్యాచ్ మొత్తం ఫెయిల్.

మంచి రూలు. ల్యాబ్‌కు సంబంధం లేని విషయం.

ఫిబ్రవరి 10

సంబంధం ఉంది.

డ్రోన్ బ్యాచ్ వచ్చింది. గేటు దగ్గర నుంచి పేపరును డ్రోన్‌తో నా మంచం దాకా తెచ్చిపెడతారట. నేను పేపరు తెప్పించడం లేదన్నాను. తెప్పించండి సార్ అన్నారు.

మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. పూటపూటకీ “భోజనం చేశారా?” అని అడిగే పెట్టె చేస్తారట. ఆ పనికి మా అక్క ఉందని చెప్పాను. పెట్టె అయితే విసుక్కోదు సార్ అన్నారు. అక్క విసుక్కుంటుందని వాళ్లకు ఎవరు చెప్పారో తెలియలేదు కానీ, విసుగు వచ్చేది నాకు.

ఊళ్లో ఇంతమంది ఉండగా అందరికీ నేనే ఎందుకు దొరికానో తెలియనంత అమాయకుణ్ణి కాదు. ఒంటరి మగవాడు, పైగా పక్క గదిలోనే దొరుకుతాడు. బస్సెక్కే పని కూడా లేదు.

సాయంత్రం మూడో బ్యాచ్. ముందు నిలబడిన అమ్మాయి పొడుగ్గా ఉంటుంది, తలుపు దగ్గర వంగి వస్తుంది. వెనక ఇద్దరబ్బాయిలు. ఒకడు ఎవరేమన్నా “అంతే సార్” అంటాడు. ఇంకొకడు చేతిలో ఎప్పుడూ క్యాల్‌క్యులేటర్‌తో ఉంటాడు, వాణ్ణి లెక్కలు అంటారు. ఆ అమ్మాయి ఏమీ చేసిపెడతామనలేదు. మీకు ఇబ్బంది ఏంటి సార్ అని అడిగింది. ఏమీ లేదన్నాను. రాసుకుంది.

ఏం రాశావని అడిగాను. “ఏమీ లేదన్నారని రాశాను సార్” అంది. “అంతే సార్” అన్నాడు వెనకవాడు.

ఫిబ్రవరి 12

మిగతా వాళ్లు నన్ను వదిలేశారు. డ్రోన్ బ్యాచ్ క్యాంటీనాయన దగ్గరికి చేరింది. ఆయన ఇబ్బందులు వినడానికే ఒక పూట పట్టిందట. పెట్టె వాళ్లు లైబ్రేరియన్‌ను పట్టుకున్నారు.

పొడుగమ్మాయి మాత్రం నా పేరే ఇచ్చేసింది. హెచ్‌ఓడీ పిలిచి చెప్పాడు. ఆ పిల్ల పోయినేడు ఒకసారి ఫెయిలైంది. ఈసారి కూడా పోతే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది. పక్కన ఉన్న ఇద్దరికీ ఒక ఏడాది పోతుంది. పేర్లు మార్చుకునే గడువు దాటింది.

నాకు ఇబ్బందులేమీ లేవని హెచ్‌ఓడీకి చెప్పాను. ఆయన నా చొక్కా వైపు చూశాడు. బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టుకున్నాను. అది ఇబ్బంది కాదు, తొందర.

ఫిబ్రవరి 17

ఇవాళ ముగ్గురూ ఇంటికి వచ్చారు. హెచ్‌ఓడీ రూల్లో ఇదొకటి. ఒక సాయంత్రం ఆ మనిషి ఇంట్లో కూర్చుని చూడాలి. మాట్లాడకూడదు, సాయం చేయకూడదు.

ముగ్గురు సోఫాలో వరసగా కూర్చుని నన్ను చూస్తుంటే మామూలుగా ఉండటం ఎలాగో మర్చిపోయాను. తుడిచిన పొయ్యి మళ్లీ తుడిచాను. మొక్కలకు నీళ్లు పోశాను. అందులో ఒకటి ప్లాస్టిక్‌ది. లెక్కలు ఏదో రాసుకున్నాడు.

బట్టల అలమర తెరిచి చూపించాను. చొక్కాలు, తువ్వాళ్లు, జేబురుమాళ్లు అన్నీ అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. పొడుగమ్మాయి అవి చూడలేదు. పడగ్గదిలో మూలన కుర్చీ మీద కుప్ప చూసింది. కుర్చీ కనపడదు, కుప్పే కనపడుతుంది. ఉతికిన దుప్పట్లు.

మాట్లాడకూడదన్న రూలు అక్కడ తప్పింది. ఇవి మాత్రం మడతపెట్టలేదేం సార్ అంది. రేపు పెడదామని ఉంచానన్నాను. ఇప్పుడు పెట్టండి సార్, చూస్తాం అంది.

పెట్టాను. రెండు మూలలు రెండు చేతుల్లో పట్టుకుని చేతులు చాపితే రెండో కొస నేల మీద ఉంది. కొసను కాలితో తొక్కిపెట్టాను. తొక్కిపెట్టాక వంగలేకపోయాను. గడ్డం కింద ఇరికించుకున్నాను, మధ్యలో జారిపోయింది. గోడకు ఆనించి చూశాను, గోడ పట్టుకోదు. చివరికి చేతిలో ఉన్నదాన్ని మడత అనడానికి వీల్లేదు. మూట.

అంతేసార్ పాపం లేచి రెండో కొస పట్టుకోబోయాడు. ఆ అమ్మాయి వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. “కూర్చోరా. మనం పట్టుకుంటే ఇబ్బంది కనపడదు” అంది.

వాళ్లు వెళ్లాక మూటను కుర్చీ మీదే పెట్టాను.

దుప్పటి మడతపెట్టుకోకపోవడం ఇబ్బంది కాదు. మడత లేకపోతే ఎవరూ చావరు.

ఫిబ్రవరి 18

నిన్న రాసిన చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. పెన్నుతో రాశాను. ఉండనీ.

ఫిబ్రవరి 24

యంత్రం బొమ్మ తెచ్చి చూపించారు. రెండు నిలువు స్తంభాలు, వాటికి క్లిప్పులు. డబుల్ కాట్ దుప్పటి కాబట్టి పెద్ద బల్ల మొత్తం కావాలి. ఇది బల్ల మీద పట్టదు, బల్లే దీని కింద పట్టేలా ఉంది.

నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. వాళ్ల ప్రాజెక్టులో ఉన్న మనిషినీ నేనే. పక్షపాతమని ఎవరూ అనకూడదని వాళ్లకు అన్నిటికంటే పనికిరాని వేళల్లో బల్ల ఇచ్చాను. ఇదీ పక్షపాతమే సార్, కాకపోతే తిరగేసింది, అంది పొడుగమ్మాయి.

మార్చి 2

అక్క ఫోన్. గొంతు ఏదోలా ఉందేంట్రా అంది. ల్యాబ్‌లో దుమ్మన్నాను.

అంతా బాగానే ఉంది.

మార్చి 5

యంత్రం మొదటిసారి కదిలింది. క్లిప్పులు దుప్పటిని పట్టుకుని విసిరాయి. పక్కన డ్రోన్ బ్యాచ్ వాళ్లు క్యాంటీనాయన కోసం టీ మోసే డ్రోన్ పరీక్షిస్తున్నారు. దుప్పటి గాల్లోకి లేవడం, డ్రోన్ అందులోకి దూరడం ఒకేసారి జరిగాయి. అది లోపల నుంచే ఎగురుతూ ల్యాబంతా తిరిగింది. ట్యూబ్‌లైట్ దగ్గర కాసేపు ఆగింది. కింద ఉన్నవాళ్ల మీద టీ పడింది.

రెండు బ్యాచ్‌లూ గొడవ మొదలుపెట్టాయి. బల్ల ఎవరిది, గాలి ఎవరిది అని. అరుపులు వరండాలోకి వినపడుతున్నాయి. నేను అటు వస్తుంటే లోపల ఎవడో “ఒరేయ్ ఆపండ్రా, కర్ఫ్యూ వస్తున్నాడు” అన్నాడు.

గుమ్మం బయట కాసేపు ఆగి లోపలికి వెళ్లాను. రెండు బ్యాచ్‌లనూ రెండు రోజులు ల్యాబ్‌లోకి రానివ్వనని చెప్పాను. ఎవరూ జాలిపడలేదు. అన్యాయమన్నారు.

ఇవాళ నిజంగా బాగానే ఉంది.

మార్చి 11

యంత్రం పట్టుకుంటుంది గానీ మడత పడటం లేదు. రెండు స్తంభాలూ ఒకదాని వైపు ఒకటి కదులుతున్నాయి, మధ్యలో దుప్పటి కుప్ప అవుతోంది. పొడుగమ్మాయి బల్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. బల్ల మీద కూర్చోకూడదని చెప్పాను. దిగింది. దిగి అడిగింది.

“సార్, మీరూ మేడమ్ గారూ మడతపెట్టేటప్పుడు ఎవరు నడిచేవాళ్లు?”

గుర్తులేదన్నాను.

మార్చి 12

మా ఆవిడే నడిచేది. నేను నిలబడేవాణ్ణి.

మార్చి 13

ఆ అమ్మాయికి చెప్పాను. ప్రాజెక్టుకు అవసరమైన సమాచారం కాబట్టి.

చెరో కొస పట్టుకుని ముందు ఒకసారి దులపాలి. తర్వాత నేను కదలకుండా నిలబడాలి. ఆవిడ తన మూలలు తెచ్చి నా చేతిలో పెట్టి, కింద వేలాడే మడత వంగి అందుకుని వెనక్కి వెళ్తుంది. మళ్లీ వస్తుంది. చివరిసారి వచ్చేసరికి దుప్పటి పుస్తకమంత అవుతుంది.

లెక్కలు అన్నీ రాసుకున్నాడు. వెనక్కి వెళ్లేటప్పుడు ఎంత వేగంతో వెళ్లేవారు సార్ అని అడిగాడు. పొడుగమ్మాయి వాడి కాలు తొక్కింది. నేను చూశాను.

వేగం గురించి వాడికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. చాలా నెమ్మదిగా వెళ్లేది. సంసారంలో నాతో చెప్పుకోవాల్సిన ఫిర్యాదులన్నీ దుప్పట్ల రోజుకే అట్టిపెట్టేది. మిగతా రోజుల్లో నేను పేపరో చెప్పులో వెతుక్కుని తప్పించుకునేవాణ్ణి. దుప్పటి పట్టుకుంటే రెండు చేతులూ దొరికిపోయి ఉంటాయి. వదిలేస్తే నేలకు తగులుతుంది, మళ్లీ ఉతకాలి. కుళాయి కారడం, నేను పెళ్లిలో ఆవిడ పెదనాన్నను పలకరించకపోవడం, గురక, అన్నీ అప్పుడే. తెల్ల దుప్పట్లు ఎక్కువగా కొనేది. తెల్లవి త్వరగా మాస్తాయి.

మార్చి 21

ఒక స్తంభం ఇప్పుడు కదలదు. రెండోది పట్టాల మీద నడిచి వస్తుంది, మూలలు ఇస్తుంది, వంగుతుంది, వెనక్కి వెళ్తుంది. వంగేటప్పుడు కిర్రుమంటుంది. గ్రీజు పెట్టమన్నాను.

మొదటి మడత సరిగ్గా పడింది. ల్యాబంతా చప్పట్లు. డ్రోన్ బ్యాచ్ కూడా. నేను స్టోర్ రూమ్‌లో స్క్రూలు సైజుల వారీగా సర్దుతూ ఉండిపోయాను. అవి ఇదివరకే సర్ది ఉన్నాయి.

మార్చి 28

రివ్యూ దగ్గర పడింది. నేనేం మాట్లాడాలో రిహార్సల్ పెట్టారు. అంతేసార్ నా కళ్లజోడు అడిగి పెట్టుకుని ఎగ్జామినర్‌గా కూర్చున్నాడు. మీ ఇబ్బంది ఏమిటని అడిగాడు.

“ఇబ్బంది అని కాదు గానీ...” అన్నాను.

పొడుగమ్మాయి ఆపేసింది. ఆ గానీ దగ్గరే నా పేరు కొట్టేస్తారు సార్ అంది. మళ్లీ చెప్పమంది. దుప్పట్ల విషయంలో కొంచెం అసౌకర్యం ఉందన్నాను. లేత్‌లో వేలు తెగినా మీరు కొంచెం అసౌకర్యమే అంటారంది. అంతే సార్ అన్నాడు ఎగ్జామినర్.

మూడోసారి చెప్పమంది. మంచినీళ్లు తాగి, బల్ల మీద ఇనుప రజను తుడవలేదేమని అందరినీ కేకలేశాను.

అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఉండిపోయింది. చీపురు తీసుకుని రజను ఊడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

“మీరు నాకోసం అబద్ధం చెప్పొద్దు సార్. పోయినేడు మేం రిపోర్టులో రాసిన అబద్ధం వల్లే పోయాను. నిజంగా ఇబ్బంది లేకపోతే లేదనే చెప్పండి, నేను వెళ్లిపోతాను. కానీ ఉండి లేదనకండి.”

తలుపు తాళం వేయాలి, బయటికి నడువు అన్నాను.

మార్చి 29

అద్దం ముందు చెప్పి చూశాను. “నేను ఒక్కణ్ణే మడతపెట్టలేను.” చిన్న వాక్యమే. రెండుసార్లు మధ్యలో ఆపేశాను.

ఏప్రిల్ 1

రివ్యూ.

ఎగ్జామినర్ పెద్దావిడ. ముక్కు చివర కళ్లజోడు, నవ్వు లేదు. ముందు క్యాంటీనాయన్ను పిలిచారు. ఆయన ఒక ఇబ్బంది చెప్పమంటే మొదటినుంచి అన్నీ ఎత్తుకున్నాడు. చివరికి అల్లుడి దగ్గరికి వచ్చేసరికి కూర్చోమన్నారు. ఆయన వెళ్లేముందు డ్రోన్ గురించి మాత్రం, చక్కెర ఒలికిపోతోందమ్మా అన్నాడు.

తర్వాత నేను. నిలబడ్డాను. ముగ్గురూ యంత్రం పక్కన నిలబడి ఉన్నారు. పొడుగమ్మాయి నేలకేసి చూస్తోంది.

దుప్పటి మడతపెట్టుకోవడం కష్టంగా ఉందని చెప్పాను. గానీ అనలేదు. డబుల్ కాట్ దుప్పటి, ఒక్కడికి కుదరదని చెప్పాను. అంతవరకూ రిహార్సల్‌లో ఉన్నదే.

ఆవిడ కాగితంలోంచి తలెత్తింది. “ఇంట్లో మీరొక్కరే అని రాశారు. చిన్న మంచం, చిన్న దుప్పటి కొనుక్కుంటే ఎవరి సాయం అక్కర్లేదు కదండీ. దానికి ఇంత మిషన్ ఎందుకు?” అని అడిగింది.

ఇది మేమెవరమూ అనుకోని ప్రశ్న. సరైన ప్రశ్న. నేను ఎగ్జామినర్‌నైతే నేనూ అదే అడిగేవాణ్ణి. అవునండీ, కొనుక్కోవచ్చు అంటే ఇబ్బంది అక్కడితో అయిపోతుంది. ప్రాజెక్టూ అయిపోతుంది. లెక్కలు క్యాల్‌క్యులేటర్ జేబులో పెట్టేసుకున్నాడు. అంతేసార్ మొదటిసారి ఏమీ అనలేదు.

“చిన్న మంచం వద్దండీ” అన్నాను.

ఎందుకని అంది.

“నేను ఇప్పటికీ గోడవైపే పడుకుంటాను. రెండో పక్క మా ఆవిడది. ఆ పక్క తీసేయలేను. అది ఉండాలంటే పెద్ద దుప్పటే పరవాలి. పెద్ద దుప్పటి నేను ఒక్కణ్ణే మడతపెట్టలేను. ఇదండీ ఇబ్బంది.”

హాల్లో ఫ్యాను చప్పుడు వినపడింది. దాని బేరింగ్ మార్చాలి.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, సరే, మిషన్ నడపండి అంది.

నడిపారు. మొదటి మడత బాగా పడింది. రెండోది అంతకంటే బాగా పడింది. మూడోసారి, నడిచే స్తంభాన్ని ఆపే స్విచ్ ఊడి కింద పడింది. స్తంభం ఆగలేదు. నేరుగా వెళ్లి రెండోదాన్ని గుద్దుకుని, దాన్ని దుప్పటితో సహా చుట్టేసి, వంగి, అలాగే గుర్రుమంటూ ఉండిపోయింది. లెక్కలు పరుగెత్తి ప్లగ్గు పీకాడు. దుప్పటి మధ్యకు చిరిగింది.

ఎగ్జామినర్ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి చెప్పిన మాట ఇది: “ఇబ్బంది నిజం. మిషన్ దండగ.”

యంత్రానికి పాస్ మార్కులు వేసింది. ఇబ్బందిని సరిగ్గా పట్టుకున్నందుకు ఫస్ట్ క్లాస్ మార్కులు. రెండూ కలిపి ముగ్గురూ గట్టెక్కారు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు సంబంధించిన దేనికైనా ఫస్ట్ క్లాస్ రావడం ఇదే మొదటిసారి.

బయట వరండాలో పొడుగమ్మాయి ఏదో చెప్పబోయింది. పెద్ద బల్ల రేపటికల్లా ఖాళీ చేయాలని గుర్తుచేశాను. అలాగే సార్ అని వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, చిరిగిన దుప్పటికి సారీ సార్ అంది. తెల్లదే కదా, ఇంట్లో చాలా ఉన్నాయన్నాను.

ఏప్రిల్ 2

యంత్రం విప్పేశారు. మోటార్లు స్టోర్‌కు చేరాయి. ఒక క్లిప్ తక్కువైంది. ఎవరూ ఒప్పుకోవడం లేదు.

ఏప్రిల్ 6

ఆదివారం. దుప్పట్లు ఉతికి ఆరేశాను. సాయంత్రం తీసి, చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. లోపల కుర్చీ మీద ఇంక చోటు లేదు.

ఎదురింట్లో పళ్ల డాక్టరు ఉంటాడు. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య నమస్కారాలు తప్ప వేరే వ్యవహారం లేదు. తలుపు కొట్టాను. పన్నా అని అడిగాడు. కాదు, దుప్పటి అన్నాను. ఒక చివర పట్టుకోవాలి, ఒక్కడివల్ల కావడం లేదు అని చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు.

ఆ చివర ఇచ్చి దులపమన్నాను. ఆయన వృత్తి పీకడం. దుప్పటి మొత్తం నా చేతుల్లోంచి ఆయన దగ్గరికి వెళ్లిపోయింది. రెండోసారి నేనూ వెళ్లాను. మూడోసారికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన భార్య కిటికీలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

“ఇన్నాళ్లూ ఇదంతా మీరొక్కరే ఎలా చేసుకుంటున్నారండీ?” అన్నాడు, ఆయాసపడుతూ.

“చేసుకోవడం లేదు” అన్నాను.

 ఆయన దుప్పటి చివర ఈసారి మెల్లగా, రెండు వేళ్లతో పట్టుకున్నాడు. లోపల ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో తెమ్మన్నాడు.